ఏ పెగ్గు వస్తే ఆ పెగ్గే

"ఆరు గంటలు గట్టు మీద కూర్చుని చేపలు పట్టి, కాటా వేయించి, మళ్లీ చెరువులోకే వదిలేస్తారా? పిచ్చా మీకేమైనా?"

ఈ ప్రశ్న మా నాన్న ఫోన్లో అడిగారు, రూమ్మేట్లు అడిగారు, ఆఫీసులో పక్క సీటు తమిళబ్బాయి కూడా అడిగాడు. వాళ్ల తప్పేం లేదు. మాది కైకలూరు దగ్గర ఒక పల్లెటూరు. మా వైపు చేపంటే సంచులకి చిల్లులు పొడిచి తవుడు మేపి, వల లాగి, ఐసు కొట్టి హౌరా లారీ ఎక్కించేది. పట్టిన చేపని వదిలేసేవాణ్ణి మా ఊళ్లో మనుషుల్లో లెక్కెయ్యరు.

ఇంగ్లండులో ఆన్‌సైట్‌కి వచ్చి మూడేళ్లవుతోంది. ఇందులో రెండేళ్లుగా నేను ఆదివారాలు చేస్తున్న పని సరిగ్గా అదే. చెరువుల మీద జరిగే కోర్స్ ఫిషింగ్ మ్యాచుల్లో పోటీ పడటం. కోర్స్ అంటే మనం అమీర్‌పేటలో చేసిన కోర్సులాంటిది కాదండోయ్, ఇక్కడ ఆ మాటకి మోటు అని అర్థం. సాల్మన్, ట్రౌట్ లాంటి చేపలు వీళ్ల లెక్కలో దొరబాబులు, వాటిని గేమ్ అంటారు. కార్ప్, బ్రీమ్, రోచ్, టెంచ్, పెర్చ్ లాంటి మిగతా జనాభా అంతా కోర్స్. ఇందులో కార్ప్ మనకి కొత్తేమీ కాదు, మన చెరువుల్లో బంగారు తీగ అని పిలిచేది దాన్నే.

నన్ను ఈ రొంపిలోకి దింపింది మా టీములో రిటైర్మెంటుకి దగ్గరపడ్డ ఒక ఇంగ్లీషాయన. ఇక్కడ రైతులు చాలామంది పొలాల్లో చెరువులు తవ్వి, కార్ప్ పిల్లలు వదిలి, రోజుకింత అని టిక్కెట్టు పెట్టారు. మా కొల్లేరు వైపు వరి చేలు చేపల చెరువులైనట్టే అనుకోండి, కాకపోతే ఇక్కడ చేపని అమ్మరు, పట్టే సరదాని అమ్ముతారు. అదే చేప వచ్చేవారం ఇంకొకరి గాలానికి పడుతుంది. నదుల మీదైతే మార్చి 15 నుంచి జూన్ 15 దాకా వీటి వేట నిషేధం. చాలా చెరువులకి ఆ నిషేధం 1995లో తీసేశారు కాబట్టి ఏడాది పొడుగునా మ్యాచులే.

సరే, ఇంతకీ నేను చెప్పాలనుకున్నది చేపల గురించి మాత్రమే కాదు, చీట్ల గురించి.

మ్యాచ్ రోజు పొద్దున్న అందరూ ఒకచోట చేరతారు. టీ, బేకన్ రొట్టె, గాలి ఎటునుంచి వీస్తోందన్న చర్చ. తర్వాత నిర్వాహకుడు ఒక సంచి పట్టుకొస్తాడు. అందులో నంబర్లు. ఒక్కొక్కరే చెయ్యి పెట్టి ఒకటి తీస్తారు. చెరువు చుట్టూ కూర్చోవడానికి వేసిన చెక్క బల్లలకి ఆ నంబర్లుంటాయి, ఒక్కో స్థానాన్ని పెగ్ అంటారు. పెగ్గు అనగానే మనవాళ్ల మొహాల్లో వెలుగొస్తుందని తెలుసు, ఇది ఆ పెగ్గు కాదు :) ఎవరికి ఏ పెగ్గు వస్తే ఆ పూటంతా అక్కడే. మార్పిడి లేదు, బతిమాలడం లేదు, "మేనేజరుతో మాట్లాడి చూస్తా" లేదు.

పెగ్గులన్నీ సమానం కావు. ఇది అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. చివరి పెగ్గు వచ్చినవాడికి ఒకవైపు పోటీదారుడుండడు, పక్కనంతా ఖాళీ నీళ్లే, అలికిడికి బెదిరిన చేపలు అటు జరుగుతాయి. వేసవిలో గాలి ఏ గట్టుని కొడుతుంటే చేపలు అటు చేరతాయి. చలికాలమైతే మరీ ఘోరం. కార్ప్‌లన్నీ ఒకటి రెండు చోట్ల గుంపుగా చేరి ఉండిపోతాయి. ఆ గుంపు ముందు కూర్చున్నవాడు రాజు, మిగతావాళ్లు చలికి వణకడానికి వచ్చిన కూలీలు.

దీన్ని చూసి మావాడొకడు "అయితే ఇది లాటరీ రా, ఆటేముంది ఇందులో" అన్నాడు. నా వాదన ఇక్కడే మొదలవుతుంది. లాటరీ ఉందని ఒప్పుకున్నారు కాబట్టే ఇది ఆటయింది.

ఎలాగంటారా? ఇరవై మంది పోటీలో ఉంటే చెరువుని అయిదేసి పెగ్గుల చొప్పున నాలుగు సెక్షన్లు చేస్తారు. మొత్తం మీద ఎక్కువ బరువు తూగినవాళ్లకి పెద్ద బహుమతులు ఎలాగూ ఉంటాయి. అవి కాక ప్రతి సెక్షన్లోనూ పక్క పక్కన కూర్చున్న ఆ అయిదుగురిలో మొదటివాడికి డబ్బులిస్తారు. అంటే, నీ నీళ్లలాంటి నీళ్ల మీద కూర్చున్నవాళ్లతోనే నిన్ను పోలుస్తారు. ఇంకో సంగతి. సెక్షన్లో మొదటివాడు అప్పటికే పెద్ద బహుమతి కొట్టేసి ఉంటే, సెక్షన్ డబ్బులు ఆ సెక్షన్లో రెండోవాడికి వెళతాయి. ఎవరు కనిపెట్టారో గానీ దండం పెట్టాలి.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. పోయిన మే నెలలో నాకు గాలికి వీపు పెట్టి కూర్చునే గట్టు వచ్చింది, అదీ నడిమధ్యన. నంబరు చూడగానే మా ఇంగ్లీషాయన నా భుజం తట్టి ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. అర్థమైపోయింది. నా దగ్గరున్నది సెకండ్‌హ్యాండులో కొన్న పదమూడు మీటర్ల పోల్. పోల్ అంటే రీలు లేని కార్బన్ గొట్టం, ముక్కలు ముక్కలుగా విడదీసి వెనక్కి జరపాలి, దాని కొసలో లోపల ఎలాస్టిక్ ఉంటుంది, చేప లాగితే అది సాగుతుంది. కొత్తది, మంచిది కొనాలంటే వేల పౌండ్లు. (ఈ ఆటలో నాకు నచ్చని విషయం ఏదైనా ఉంటే అదే. చీటీ అందరికీ ఒకటే గానీ జేబు ఒకటి కాదు.)

మొదటి రెండు గంటల్లో దూరంగా వేస్తే ఆరు చేపలు. ఎదుటి గట్టు మీద చివరి పెగ్గువాడు అప్పటికే రెండో వల తడుపుతున్నాడు. అన్నట్టు, పట్టిన చేపల్ని పొడుగాటి వలలో నీళ్లలోనే ఉంచుతారు. ఒక్కో వలకి ఇన్ని పౌండ్లని పరిమితి, చాలాచోట్ల 50 పౌండ్లు, దాటితే ఆ దాటినది లెక్కలోకి రాదు. చేపలు ఒకదాని మీద ఒకటి నలిగిపోకుండా ఆ నియమం.

నేను ఎదుటి గట్టు వైపు చూడటం మానేశాను. నాకు కుడి ఎడమల ఉన్న నలుగురు ఏం చేస్తున్నారో చూశాను. వాళ్లూ దూరంగానే వేస్తున్నారు, వాళ్లకీ పడట్లేదు. మూడో గంట నుంచే నా కాళ్ల దగ్గర, గట్టు వార, మోకాలి లోతు నీళ్లలో కొద్ది కొద్దిగా మొక్కజొన్న గింజలు, పెల్లెట్లు వేస్తూ ఉన్నాను, గాలం మాత్రం వెయ్యలేదు. పొద్దు వాలేకొద్దీ కార్ప్‌లు గట్టు వారకి వస్తాయి, కానీ తొందరపడితే బెదిరిపోతాయి. చివరి గంటన్నరలో అక్కడ బెండు దించాను. ఈల వేసేసరికి నా వలలో 38 పౌండ్లు, అంటే మన లెక్కలో పదిహేడు కిలోలు. మొత్తం గెలిచినవాడిది 140 పౌండ్లు. అయినా నా అయిదుగురిలో నేనే మొదటివాణ్ణి. చేతికొచ్చిన డబ్బు కట్టిన ఎంట్రీ ఫీజుకంటే కాస్త ఎక్కువ, అంతే. కానీ కాటా దగ్గర అందరూ చుట్టూ నిలబడి ఉండగా నా బరువు పైకి చదివినప్పుడు ఆ 140 పౌండ్లాయన "ఆ గట్టు మీద అది మంచి బరువు" అన్నాడు. ఆ మాటలో మొదటి రెండు పదాలు గమనించండి.

ఇక్కడితో ఆపితే కథ బాగానే ఉంటుంది గానీ, మూడు వారాల తర్వాత అదే పెగ్గు, దాదాపు అదే గాలి, ఇంకొకాయనకి వచ్చింది. ఆయన 71 పౌండ్లు పట్టాడు. కాబట్టి పెగ్గు మీద తోసెయ్యడానికీ లేదు. అదృష్టం ఎంత, నువ్వెంత అన్నది రెండూ కాగితం మీద కనబడతాయి.

ప్రపంచ ఛాంపియన్‌షిప్పుల్లో ఇంకా కచ్చితం. ఒక్కో దేశానికి అయిదుగురు, అయిదు సెక్షన్లలో ఒక్కొక్కరు. బరువులు కూడరు, స్థానాలు కూడతారు. సెక్షన్లో మొదటివాడికి 1, ఏడోవాడికి 7. తక్కువ మొత్తం వచ్చిన జట్టు గెలుస్తుంది. బరువు కూడితే ఒక్క మంచి పెగ్గు జట్టు మొత్తాన్ని గట్టెక్కించేస్తుంది కదా. ఇంగ్లండుకి చెందిన అలన్ స్కాట్‌హార్న్ 1996, 97, 98ల్లో వరసగా మూడుసార్లు, తర్వాత 2003, 2007ల్లో వ్యక్తిగత ఛాంపియన్ అయింది ఇలాంటి లెక్కలోనే. దీనికి పూర్తి వ్యతిరేకం ఫిష్ ఓ మానియా. 1994లో మొదలైంది, స్కై స్పోర్ట్స్ వాళ్లు టీవీలో చూపిస్తారు. ఫైనల్లో పదహారు మంది, ఒక్క రోజు, ఎక్కువ బరువు ఎవరిదో వాడే విజేత. చూడటానికి మహా మజాగా ఉంటుంది. అందులోనూ జేమీ హ్యూస్ అనే ఆయన మూడుసార్లు గెలిచాడంటే ఏళ్ల తరబడి చూస్తే నైపుణ్యమే పైకి తేలుతుందన్నమాట. ఏళ్ల తరబడి చూస్తే. ఒక్క రోజు చూస్తే కాదు.

ఇప్పుడు మన దగ్గరికొద్దాం.

నా బీటెక్ స్నేహితుడొకడు, నేనూ ఒకే రోజు ఒకే కంపెనీలో చేరాం. పేరు వద్దు లెండి. ఒకే ట్రైనింగు, ఒకే పరీక్ష, వాడికి నాకంటే నాలుగు మార్కులు ఎక్కువ కూడా. ట్రైనింగు అయ్యాక ఒక మధ్యాహ్నం మెయిల్ వచ్చింది. నాకు కొత్తగా కడుతున్న ప్రాజెక్టు. వాడికి ఎప్పుడో రాసిన పాత సిస్టమ్, రాత్రి షిఫ్టు సపోర్టు. మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. మాలో ఎవరి ప్రతిభా అందులో లేదు. అది అచ్చంగా సంచిలో చెయ్యి పెట్టి తీసిన చీటీ, కాకపోతే సంచిలో చెయ్యి మాది కాదు, తీసేటప్పుడు మేం చూడలేదు కూడా.

నాలుగేళ్లు తిరిగేసరికి నేను ఇక్కడ చెరువు గట్టు మీద ఉన్నాను. వాడు ఇంకా రాత్రి షిఫ్టులోనే ఉన్నాడు. పోయిన ఏడాది వాడికి అట్టడుగు రేటింగు ఇచ్చారు. కారణం "విజిబిలిటీ లేదు". రాత్రి మూడింటికి సర్వరు పడిపోకుండా చూసేవాడికి విజిబిలిటీ ఎక్కణ్ణుంచి వస్తుంది? పడిపోతే వస్తుంది! వాడిని పోల్చింది ఎవరితో? పగలు క్లయింటు ముందు డెమోలు ఇచ్చే టీముతో. గాలికి వీపు పెట్టి కూర్చున్నవాణ్ణి చివరి పెగ్గువాడితో పోల్చి, నీకు చేతకాదు అన్నారు.

బెల్ కర్వ్ గురించి మనవాళ్లు చాలా తిట్టుకుంటారు. మైక్రోసాఫ్ట్ 2013లో దాన్ని వదిలేసినప్పుడు ఎంత సంబరపడ్డామో గుర్తుందా? నాకైతే కర్వ్‌తో పెద్ద పేచీ లేదు. అయిదుగురిలో ఒకడు మొదట, ఒకడు చివర ఉంటారు, ప్రతి ఆదివారం నేను చూస్తున్నదే. నా పేచీ ఆ అయిదుగురు ఎవరన్నదాని గురించి. మొత్తం చెరువుని ఒకే వరసలో పేర్చి, చీటీ సంగతి అసలు లేనట్టు నటించడం గురించి. నటించడం వల్ల నష్టం వాడొక్కడికే కాదు. మంచి పెగ్గు వచ్చిన నాలాంటివాడు అదంతా తన గొప్పే అనుకుని తిరుగుతాడు. మా ఆన్‌సైట్ బ్యాచిలో అలాంటివాళ్లని రోజూ లంచ్ టేబుల్ దగ్గర చూస్తున్నాను.

"ప్రాజెక్టులు చీటీలు కావు, స్కిల్ చూసి ఇస్తారు" అని ఒక సీనియర్ నాతో వాదించారు. పదేళ్ల అనుభవం ఉన్నవాళ్ల విషయంలో నిజమే కావచ్చు. ఫ్రెషర్ల విషయంలో మాత్రం ఆ నెల ఎక్కడ ఎన్ని సీట్లు ఖాళీ ఉన్నాయన్నదే స్కిల్లు. ఆ మొదటి సీటే తర్వాతి సీటుకి అర్హత అవుతుంది. మ్యాచుల్లో నయం, వచ్చే ఆదివారం మళ్లీ సంచి వస్తుంది. మన దగ్గర ఒకసారి తీసిన నంబరు మీదే నాలుగేళ్లు కూర్చోబెడతారు.

మొదటి ప్రశ్నకి జవాబు బాకీ ఉంది కదా, వదిలేస్తే చేపకి నొప్పి లేదా అని. గాలానికి ముల్లు ఉండకూడదని చాలా చెరువుల్లో నియమం, దించే పరుపులు, వలల పరిమితులు ఉన్నాయి. అయినా నొప్పి లేదని నేను అనను. ట్రౌట్ నోటి దగ్గర నొప్పిని పసిగట్టే నాడులున్నాయని 2003లోనే లిన్ స్నెడన్ బృందం చూపించింది. జర్మనీలోనైతే తినే ఉద్దేశం లేకుండా ఊరికే పట్టి వదలడాన్ని జంతు సంక్షేమ చట్టం ఒప్పుకోదు. హౌరా లారీ ఎక్కించిన చేపలు తిని పెరిగినవాణ్ణి, ఈ విషయంలో మీకు నీతులు చెప్పే అర్హత నాకు లేదు. ఎండ మరీ ముదిరిన రోజున మాత్రం మ్యాచ్ రద్దు చేస్తే బాగుండుననిపిస్తుంది, చేపల్ని గంటలకొద్దీ వలలో ఉంచడం అప్పుడు నాకు నచ్చదు.

మావాడికి ఏప్రిల్లో మళ్లీ అప్రైజల్. మొన్న ఫోన్ చేసి "ఒరేయ్, రాజీనామా పడేస్తాను" అన్నాడు. ఆగమన్నాను. ఈసారి రేటింగు నంబరు గురించి కొట్లాడకుండా ఒకే ఒక్క ప్రశ్న రాతపూర్వకంగా అడగమన్నాను: నన్ను ఎవరెవరితో పోల్చారు, వాళ్లు ఏ ప్రాజెక్టుల్లో, ఏ షిఫ్టులో ఉన్నారు? అడుగుతానన్నాడు. మెయిల్ డ్రాఫ్టు నిన్న రాత్రి నాకు పంపాడు, అందులో తిట్లు తీసేసి తిరిగి పంపించాను.