ప్రావ్దా: ఈసారి పాఠకులు మనుషులు కారు

రష్యన్‌లో 'ప్రావ్దా' అంటే సత్యం. 1912లో మొదలై, తర్వాత సోవియట్ కమ్యూనిస్టు పార్టీ అధికార పత్రికైన ప్రావ్దా పుణ్యమా అని, ఇంగ్లీషులో ఆ మాట సర్కారు బాకాలకి మారుపేరైంది. ప్రభుత్వ పత్రిక పేరు ఇజ్వెస్తియా, అంటే వార్తలు. "ప్రావ్దాలో వార్తలుండవు, ఇజ్వెస్తియాలో సత్యముండదు" అని రష్యన్లే జోకులేసుకునేవారు. 2018లో ఎలాన్ మస్క్, విలేకరులకి మార్కులు వేసే సైటొకటి పెట్టి దానికి ప్రావ్దా అని పేరు పెడతానన్నాడు. వెటకారమే అనుకోండి.

2024 ఫిబ్రవరిలో బయటపడింది మాత్రం వెటకారం కాదు. రష్యా ప్రచారాన్ని మోసే 193 సైట్ల గుట్టుని ఫ్రాన్సు ప్రభుత్వ సంస్థ విజినమ్ విప్పింది. వాటిలో పశ్చిమ దేశాలకి గురిపెట్టిన వాటి పేరు ప్రావ్దాయే. సొంతంగా రాసేదేమీ లేదు, ఒకే సరుకుని భాషలు మార్చి కుమ్మరించడమే. చదివేవాళ్ళూ తక్కువే. మరి ఎవరికోసం? క్రాలర్ల కోసమేనని నా అనుమానం. 2025 మార్చిలో న్యూస్‌గార్డ్ పది చాట్‌బాట్లని పరీక్షిస్తే, దాదాపు మూడింట ఒక వంతు సార్లు ఆ అబద్ధాలనే అప్పజెప్పాయి.

మనలో చాలామంది ఇప్పుడు వెబ్బులో వెతికి జవాబిచ్చే బాట్లు కడుతున్నవాళ్ళమే. ఫలానా డొమైన్లు బ్లాక్ చేస్తే సరిపోదు, రేపు ఇంకో పేరుతో వస్తాయి. ఒకే కథనం వంద చోట్ల దొరికితే అది వంద సాక్ష్యాలు కాదు, ఒక్కటే. నకళ్ళని ముందే ఏరేసి, అసలు మొదట రాసిందెవరో జవాబు పక్కనే చూపించాలి. స్పీడు తగ్గుతుందని క్లయింటు గొణుగుతాడు. గొణగనివ్వండి.