అన్నయ్య నోటుపుస్తకం

ఖరగ్‌పూర్‌లోని మా ఇంట ఒక పాత క్యాసెట్టు ఉన్నది. టేప్ రికార్డరులో పెడితే పాట రాదు. కీచుమనే రొద వినిపిస్తుంది. అది 1987లో మా అన్నయ్య బడిలోని బి.బి.సి. మైక్రో కంప్యూటరుపై వ్రాసిన ప్రోగ్రాము. 1984లో మన ప్రభుత్వం ఆరంభించిన ‘క్లాస్’ పథకం పాఠశాలలకు ఆ యంత్రాలనే అందించింది. కాలక్రమాన బడిలోని యంత్రం తుక్కుపాలయింది. దాని మాన్యువల్ చిత్తుకాగితాలలో కలిసింది. అన్నయ్యా నేడు లేడు.

ఇది మా ఊరి కథ మాత్రమే కాదు. 1086 నాటి ‘డూమ్స్‌డే’ గ్రంథానికి తొమ్మిది వందల ఏండ్లు నిండిన సందర్భాన, 1986లో బి.బి.సి. సంస్థ బ్రిటన్ ప్రజాజీవితాన్ని లేజర్ డిస్కులకు ఎక్కించింది. పదిహేనేండ్లకే వాటిని చదివే యంత్రాలు అరుదైపోయాయి. 2002లో లీడ్స్, మిషిగన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఆ యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటరును రూపొందించి చూపారు. చర్మపత్రాలపై వ్రాసిన పాత గ్రంథాన్ని మాత్రం నేటికీ చదువవచ్చు.

అటువంటి ఎమ్యులేటరులోనే మొన్న మా క్యాసెట్టును నడిపించాము. ఏ మీట నొక్కాలో అన్నయ్య నోటుపుస్తకంలోని ఒక్క పుట చెప్పింది. తెరపై ఖరగ్‌పూర్ నుండి విజయనగరం పోయే రైళ్ల వేళలు వెలిశాయి. అవన్నీ 1987 నాటి వేళలు.

అనువాదకుడనైన నాకు ఒకటి తెలుసు: నిఘంటువు నశిస్తే గ్రంథం మూగబోతుంది. మీ అటకపై అటువంటి పుట ఉంటే, పారవేయకముందు ఒక్కసారి చూడండి.