ట్యాబ్‌లో బొమ్మ గెంతితే కోడింగ్ వచ్చినట్టేనా?

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

ఈమధ్య ఆశ్రమ పాఠశాలల ఫోటోలు గ్రూపులో తెగ తిరుగుతున్నాయి. పిల్లల చేతుల్లో ట్యాబులు, వెనక 'ఆటలతో కోడింగ్' అని బ్యానర్, పక్కన నవ్వుతూ సార్లు. కింద మనవాళ్లే చప్పట్ల గుర్తులు పెడుతున్నారు. మేం పెట్టలేదు.

ఆటతో చదువు చెప్పడం తప్పని కాదు. 'అసలు చదువుకే దిక్కు లేదు, మళ్లీ ఆటలా' అంటున్న అన్నలతో కూడా మాకు పేచీయే. 1967లో సేమర్ పాపర్ట్, సింథియా సాలమన్ వాళ్లు పిల్లల కోసమే లోగో అనే కంప్యూటర్ భాష తయారుచేశారు. తర్వాత దానికి ఒక తాబేలు వచ్చింది. ఇన్ని అడుగులు నడువు, ఇటు తిరుగు అని పిల్లలు చెప్తే అది నడుస్తూ గీత గీస్తుంది. చతురస్రం రాకపోతే ఎక్కడ తప్పు చెప్పామో పిల్లలే వెతుక్కోవాలి. నేర్చుకునేది అక్కడే.

మన ట్యాబుల్లో ఏముంది? బాణం గుర్తు లాగి వదిలితే బొమ్మ గెంతుతుంది, నక్షత్రాలు రాలతాయి, ఇంకో లెవెల్. సూచనలన్నీ ఇంగ్లీషు. ఇంట్లో కోయ మాట్లాడే నాలుగో తరగతి పాప వాటిని చదవదు, ఏదో ఒకటి తగిలేదాకా నొక్కుకుంటూ పోతుంది. ఎందుకు గెంతిందో అడిగేవాళ్లు లేరు. సాయంత్రానికి ట్యాబులు బీరువాలోకి, బీరువాకి తాళం. 2020 జాతీయ విద్యావిధానంలో 6, 7, 8 తరగతులకి కోడింగ్ అని ఉంది. అదే పత్రంలో వీలైనచోట కనీసం 5వ తరగతి దాకా ఇంటి భాషలో చెప్పాలని కూడా ఉంది. మొదటిది బ్యానర్ మీదికి ఎక్కింది. రెండోది ఎక్కడుంది?

ఇంతకీ మన పిల్లలకి ఆటలు కొత్తా?

అష్టాచెమ్మా చూడండి. గవ్వలు లేకపోతే ఒకవైపు అరగదీసిన చింతపిక్కలు నాలుగు. ఒక్కో పిక్కకి రెండే స్థితులు, తెలుపు లేదా నలుపు. కంప్యూటర్ లోపల ఉండేదీ ఈ రెండే, ఒకటి, సున్నా. ఆ నాలుగు పిక్కల్ని వరసలో పెట్టి కుడి నుంచి 1, 2, 4, 8 అని విలువ ఇవ్వండి. తెలుపైతే కలుపు, నలుపైతే వదిలెయ్. ఎడమ నుంచి తెలుపు, నలుపు, తెలుపు, తెలుపు పడితే 8, 2, 1 కలిపి 11. అన్నీ తెలుపైతే 15. ఐదో పిక్క పెడితే 31 దాకా పోతుంది. ఒకరు అంకె అరవాలి, రెండు జట్లు పిక్కలు తిప్పాలి, ఎవరు ముందైతే వాళ్లు గెలిచినట్టు. న్యూజిలాండ్‌లో టిమ్ బెల్ అనే ప్రొఫెసర్, ఆయన తోటివాళ్లు ఇదే సంగతిని చుక్కల కార్డులతో కంప్యూటర్ లేకుండా నేర్పుతారు. దాని పేరు సీఎస్ అన్‌ప్లగ్డ్. వాళ్లకి కార్డులు, మనకి పిక్కలు.

వామనగుంటలైతే ఇంకా నయం. చేతిలో గింజలు ఉన్నంతసేపూ గుంటకొకటి వేస్తూ పో. అయిపోతే పక్క గుంటలోవి తీసి మళ్లీ మొదలుపెట్టు. పక్కది ఖాళీ అయితే దాని అవతలివి గెలుచుకుని ఆగు. 'ఉన్నంతసేపూ' అన్నది లూప్, 'అయితే' అన్నది కండిషన్. డిగ్రీ మొదటి సెమిస్టర్‌లో బోర్డు మీద వైల్ లూప్ రాస్తే మాలో సగంమంది బిక్కమొహాలేశాం, ముందు బెంచీల్లో నవ్వారు. మా అవ్వలు మట్టిలో గుంటలు తీసి ఆడించింది ఇదేనని ఒక్క సారూ చెప్పలేదు. అట్లా బ్యాక్‌లాగులు పెరిగి ఇంటికి పోయినవాళ్లు మనలో ఎంతమందో మీకూ తెలుసు. తెలివి తక్కువై పోలేదు వాళ్లు.

ఊరికే ఆడిస్తే మాత్రం ఏమీ రాదు. ఆట అయ్యాక, ఎప్పుడూ ఆడనివాడు చదివి ఆడగలిగేట్టు నియమాలు రాయమనాలి, కోయలోనో గోండిలోనో సవరలోనో కువిలోనో. తెలుగు అక్షరాలతో రాసినా పర్లేదు. రాసింది ఇంకో పిల్లాడికిచ్చి అచ్చం అట్లాగే ఆడమనాలి. ఎక్కడో ఆగిపోతాడు. అక్కడ దిద్దాలి. ప్రోగ్రామర్లు చేసే పనీ అదే, డీబగ్గింగ్ అంటారు.

ఒక భయం కూడా ఉంది, దాచం. ఈ మాట పైవాళ్ల చెవిన పడితే 'చింతపిక్కలు చాలన్నారుగా, ల్యాబ్ ఎందుకు' అంటారు. అట్లా అననివ్వకండి. పిక్కలు మొదటి మెట్టు మాత్రమే. ఆరో తరగతికి వచ్చేసరికి కీబోర్డు చేతికి రావాలి, తాళం తియ్యాలి, కంప్యూటర్ టీచర్ ఉండాలి. పట్నం పిల్లలకి కంప్యూటర్, అడవి పిల్లలకి ఆటలు అనే పంపకానికి మేం ఒప్పుకోం.

సెలవులకి ఊరెళ్లే హాస్టల్ పిల్లలం పది రోజులు, రోజుకి గంట కేటాయిద్దాం. పై రెండు ఆటలు చాలు. ల్యాబ్ తెరిచే వేళలు గోడమీద రాయాలని, టీచర్ కావాలని, మన భాషల్లో సామగ్రి ఇవ్వాలని అర్జీ రాసి పెట్టాం, రేపు గ్రూపులో పెడతాం, ఊరివాళ్ల సంతకాలు తీసుకురండి. మీ ఊళ్లో గుంటల ఆట నియమాలు వేరేగా ఉంటే కింద మీ భాషలోనే రాయండి. పిక్కలు బండమీద అరగదీసేటప్పుడు వేళ్లు జాగ్రత్త.