నీలకంఠ రొయ్య మన చెఱువులో పిల్లలు పెట్టునా?

మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములకు సాగరము ఎడమకాలువ వలనను, సూర్యాపేట ప్రాంతమునకు మూసీ వలనను నీరు చేరుచున్నది. 2017-18లో తెలంగాణ ప్రభుత్వము జలాశయములలో నీలకంఠ రొయ్యపిల్లలను వదలుట మొదలిడిన పిమ్మట, మన చెఱువులలోను వానిని పెంచవలెనను ఆశ బలపడినది. ఆశ మంచిదే. కాని "ఒకసారి విత్తనము వేసినచో చాలును, అవియే పిల్లలు పెట్టి పెరుగును" అను మాట పొరపాటని మా యభిప్రాయము. ఈ పొరపాటు వలన సంఘధనమునకు నష్టము కలుగును.

ఈ రొయ్య పెరుగునది మంచినీటిలోనే. దాని పసికూనలు బ్రదుకునది ఉప్పు తగిలిన నీటిలో. గ్రుడ్లు మోయు తల్లి ఏటి వాలున సముద్రపు మొగవైపు దిగును. గ్రుడ్లనుండి వెలువడిన డింభకములు నీటి పైభాగమున గుంపులు గట్టి, తోక ముందుగా, వెల్లకిల ఈదుచు, ప్రవాహమునబడి కొట్టుకొనిపోవును. నాలుగైదు దినములలో ఉప్పు తగిలిన నీరు దొరకకున్న చచ్చును. దొరికినచో పదునొకండు దశలు దాటి, సుమారు మూడు నాలుగు వారములకు రొయ్యపిల్లలై, మరల మంచినీటివైపు ఎదురెక్కును. డింభకములకు ఉప్పు అవసరమని 1961లో మలయాదేశమున షావో వెన్ లింగ్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనెను.

1855లో పూర్తియైన విజయవాడ ఆనకట్టయు, దాని స్థానమున 1957లో వెలసిన ప్రకాశం బరాజును, 1967లో కాలువలకు నీరొసగిన నాగార్జునసాగరమును మనకు అన్నము పెట్టినవి. రొయ్య రాకపోకలకు మాత్రము అడ్డైనవి. గట్టుకట్టిన చెఱువులో అసలు త్రోవయే లేదు. హంసలదీవి వద్ద సముద్రమున గలియు కృష్ణనీరు వ్యర్థమని మనము తఱచు అనుచుందుము. ఆ నీరే ఉప్పును పలుచన జేసి డింభకములను బ్రదికించుచున్నదని మఱవరాదు.

కావున విత్తనము ఏటేట కొనవలసినదే. అమ్మకపు రాబడిలో కొంత ముందుగానే విత్తననిధిగా తీసియుంచవలెను. విత్తనము కట్టకు వచ్చిననాడు ఇద్దఱు సభ్యులు దానిని గాజుపాత్రలో పోసి చూడవలెను. వెల్లకిల ఈదునది ఇంకను డింభకమే. అది మన చెఱువులో నిలువదు. బోర్ల ముందుకు ఈదుచు, పాత్ర గోడను, అడుగును పట్టుకొని నిలుచునదే తగిన పిల్ల. దానిని సయితము ఉప్పు క్రమముగా తగ్గించి మంచినీటికి అలవాటు చేసి యుండవలెను. లెక్క పదుగురి యెదుట జరుగవలెను.

వచ్చు సర్వసభ్య సమావేశమున విత్తననిధిని, విత్తన పరీక్షను గూర్చి తీర్మానములు చేయవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.