ఒంటివానికి జీతము చాలునా?

ఉగాదినాఁడు పంచాంగశ్రవణమున మనవారు చెవియొగ్గి వినునది ఆదాయవ్యయముల లెక్క. ఆదాయము 2, వ్యయము 14 అని విన్నవాఁడు నవ్వుకొనుచు లేచిపోవును. మొదటి జీతము చేతఁబడిన పిమ్మట నా యంకెలే వానికి నిజమై తోఁచును. ఈ పాఠశాల విడిచిన విద్యార్థులలోఁ బెక్కండ్రు కొలఁదియేండ్లలో నేదో యొక నగరమునఁ జిన్న యుద్యోగమునఁ బ్రవేశింతురు. అప్పుడు బంధువు లందఱు ననుమాట యొక్కటియే: "ఒంటివాఁడవు, నీకేమి కొదువ?" ఈ మాట యెంతవఱకు సత్యమో లెక్కవేసి చూతము.

హైదరాబాదులో నెలకు 18,000 రూపాయల జీతముగల యువకుని నొకని నుదాహరణముగాఁ గైకొందము. అందు మూలవేతనము 15,000 అనుకొందము. దానిపై భవిష్యనిధికి నూటికి 12 చొప్పున 1,800. మొత్తము జీతముపై ఇ.ఎస్.ఐ. చందా నూటికి ముప్పాతిక చొప్పున 135, వృత్తిపన్ను 150. ఇవి పోఁగా చేతికి వచ్చునది 15,915 రూపాయలు.

ఇఁక వ్యయము. అమీరుపేట వంటిచోట నలుగురు గదిని పంచుకొను హాస్టలున భోజనముతోఁగూడ 6,500, బస్సు పాసునకు 1,600, పనిదినములలో మధ్యాహ్నపు భోజనమునకును తేనీటికిని 1,500, సెల్‌ఫోనునకు 350, సబ్బు, చాకలి, క్షవరము మొదలగువానికి 800, చిల్లర మందులకు 300 అని వేసికొందము. మొత్తము 11,050. స్త్రీ యైనచోఁ గొంత మిగులును. ఏలయన తెలంగాణములో 2023 డిసెంబరునుండియు, ఆంధ్రప్రదేశములో 2025 ఆగస్టునుండియు నాయా రాష్ట్రముల స్త్రీలకు ఆర్టీసీ సాధారణ బస్సులలో ఛార్జీ లేకుండఁ జేసిరి. అయినను ప్రొద్దుపోయి పని ముగించుకొని యాటోలో బసఁ జేరవలసిన యువతికి నా మిగులు నిలుచుట కష్టము.

మన యువకునికి నెలకు 4,865 రూపాయలు మిగిలినట్లు కనఁబడుచున్నది. బంధువుల మాట నిజమే యని తోఁచును. కాని యొంటివాఁ డనఁగా నెవఁడు? పెండ్లి కానివాఁడేగాని తలిదండ్రులు లేనివాఁడు కాఁడు. తండ్రి మందులకో చెల్లెలి చదువునకో నెలకు 3,000 పంపినచో మిగులు 1,865, సంవత్సరమునకు 22,380. అందులో బట్టలకును చెప్పులకును 6,000, దసరా సంక్రాంతులకు ఇంటికిఁ బోయివచ్చుటకు 4,000, పరీక్షల రుసుములకు 3,000, మిత్రుల పెండ్లికట్నములకు 2,000 పోవును. ఏడాదిపాటు కష్టించిన వానియొద్ద నిలుచునది 7,380 రూపాయలు మాత్రమే.

ఇప్పుడు వాని యుద్యోగ మొక్క నెల పోయిన దనుకొనుఁడు. బస్సు పాసును, మధ్యాహ్నపు వ్యయమును మానుకొన్నను, ఇంటికిఁ బంపుట నిలిపివేసినను, తక్కిన ఖర్చులకే 7,950 కావలెను. ఏడాది పొదుపు నెలదినముల తిండికిఁ జాలలేదు! భవిష్యనిధిలోని సొమ్ము పేరునకుఁ దగినట్లు భవిష్యత్తునకే యుండవలసినది. కావున నా జీతము నెల గడచుటకుఁ జాలును, బ్రదుకు గడచుటకుఁ జాలదు. నెలతోఁ గాక సంవత్సరముతోఁ గొలిచినఁ గాని జీతము నిజస్వరూపము తెలియదు.

మఱియొక విషయము గమనింపవలెను. రెండు జీతము లొకే యంకె యైనను నొకటి కావు. ఇ.ఎస్.ఐ. గలవాఁడు రోగియైనచోఁ జికిత్స దొరకుటయేగాక, నియమములకు లోఁబడి యేడాదికి 91 దినములవఱకు వేతనములో నూటికి 70 వంతులు భృతిగా లభించును. భవిష్యనిధికి యజమానుఁడును దన వంతు చెల్లించును. ఇవి యేమియు లేక 18,000 రూపాయలును చేతిలోఁ బోయు కొలువు మొదట నెక్కువగాఁ గనఁబడును. ఒక్క జ్వరముతో నా యెక్కువ యెచటికో పోవును.

"పెండ్లి కానివానికి ఇంత చాలు" నను యజమానులు కలరు. ఈ వాదమును మన దేశ మేనాఁడో త్రోసివేసినది. 1957లో జరిగిన 15వ భారత కార్మికసమావేశము కనీసవేతనమును నిర్ణయించుటకు సంపాదించు నొక్కనిని గాక కుటుంబమును, అనఁగా మూఁడు వినియోగపు పాళ్లను, గొలఁతగాఁ గైకొన్నది. వయోజనునికి దినమునకు 2,700 కేలరీల యాహారము, నలుగురుగల కుటుంబమునకు సంవత్సరమునకు 72 గజముల వస్త్రము, ఇంటియద్దె, వంటచెఱకు, దీపము మున్నగువానిని లెక్కించినది. పిల్లల చదువు, వైద్యము, పండుగలు, వార్ధక్యము మొదలగువానికై మఱి నూటికి 25 వంతులు చేర్పవలెనని 1991లో సుప్రీముకోర్టు పలికినది. ఒంటివాఁడు నేఁడు మిగుల్చుకొనునది రేపటి సంసారమునకు విత్తనము. ఆ విత్తనమును గూడఁ దిని బ్రదుకు మనుట న్యాయము కాదు.

యువకులే దుబారా చేయుచున్నారని కొందఱందురు. వాయిదాల మీఁద ఖరీదైన ఫోను కొని, ప్రతిరాత్రియు హోటలునుండి భోజనము తెప్పించుకొనువారు లేకపోలేదు. అప్పుచేసి పప్పుకూడు తినుట యేకాలమునను దప్పే. కాని పైలెక్కలో సినిమా లేదు, షికారు లేదు, సిగరెట్టు లేదు. లేని దుబారాను మాన్పుట యెట్లు? పొదుపు సద్గుణమే; అది చాలని జీతమును జాలునట్లు చేయు మంత్రము మాత్రము కాదు.

కావున, విద్యార్థిసోదరులారా, సోదరీమణులారా! కొలువునఁ జేరుటకు ముందే చేతికి వచ్చు సొమ్మెంత, భవిష్యనిధియు ఇ.ఎస్.ఐ.యుఁ గలవా, బసకును పనిచోటికిని దూరమెంత యని మూఁడు ప్రశ్న లడుగుఁడు. మొదటి నెలనుండియు నొక చిన్నపుస్తకమున వ్యయము వ్రాసికొనుఁడు. ఎంత స్వల్పమైనను గొంతసొమ్ము ముందుగాఁ దీసియుంచి, తరువాతనే ఖర్చుపెట్టుఁడు. మీలోఁ గొందఱు రేపు యజమానులు కాఁగలరు. అప్పుడు జీతమడుగ వచ్చిన యువకునితో "నీవొంటివాఁడవుగదా" యనకుఁడు. చేయు పనినిఁ జూచి వేతన మిండు.