పాత కిటికీకి కొత్త రంగు

పండుగ దగ్గరపడగానే ఇంటి గోడలకు ముందుగా సున్నం, రంగు పడతాయి. కిటికీల వంతు మాత్రం చివరి రోజున వస్తుంది. ఉత్తరాదిన దీపావళికైనా, తెలుగునాట సంక్రాంతికైనా ఇదే వరస. పనివాడు ఉప్పు కాగితంతో పాత రంగుపై నాలుగు రుద్దులు రుద్ది, లేచిన పెచ్చులను గీకి, ఆ పొడి గాలిలో తేలుతూ ఉండగానే ఎనామిల్ డబ్బా మూత తీస్తాడు. సాయంత్రానికి కిటికీ తళతళలాడుతుంది. రెండు వానాకాలాలు గడిచేసరికి అడుగు కొయ్య వద్ద మళ్ళీ పొక్కులు లేస్తాయి. నష్టం డబ్బుతో పోయేదైతే ఇంతగా చెప్పుకొనవలసిన పని లేదు. గాలిలో లేచిన ఆ పొడిలో ఏమున్నదన్నదే అసలు ప్రశ్న.

పాత నూనె రంగులలో సీసం ముఖ్య ద్రవ్యం. తెలుపునకు తెల్ల సీసం, పసుపునకు సీసపు క్రోమేటు, ఇనుప చువ్వలకు తుప్పు పట్టకుండా సీసపు సిందూరం. పూత త్వరగా ఆరడానికి కలిపే పదార్థాలలో సైతం సీసమే ఉండేది. మన్నికలో దానికి సాటి లేదని పాతకాలపు రంగుల పనివారు చెప్పుకొనేవారు. ఆ మాట అబద్ధమూ కాదు. అందుకే అది ఇళ్ళలో అంతకాలం నిలిచింది.

దాని రెండవ ముఖాన్ని మొదట కనిపెట్టినవారిలో ఆస్ట్రేలియా దేశపు బ్రిస్బేన్ నగర వైద్యుడు లాక్‌హార్ట్ గిబ్సన్ ఒకరు. తన వద్దకు వచ్చే పిల్లల సీసపు జబ్బుకు మూలం వారి ఇళ్ళలోని వరండా కటకటాల రంగేనని 1904లో ఆయన ప్రకటించాడు. ఎండకు పొడిబారిన రంగు పసివాళ్ళ వేళ్ళకంటి, ఆ వేళ్ళు నోటిలోకి పోయేవి. పిల్లల చేతికందే చోట్ల అటువంటి రంగు వాడకాన్ని నిషేధిస్తూ క్వీన్స్‌లాండ్ చట్టం చేసేసరికి 1922 వచ్చింది. మన దేశంలో ఇళ్ళ రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నిబంధన 2016లో వెలువడి, 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చింది. కనుక అంతకు పూర్వం రంగు పడిన ఏ కిటికీలోనైనా సీసం ఉన్నదనే అనుకొని పని చేయడం వివేకం.

గోడకంటె కిటికీ ఎక్కువ ప్రమాదకరం. గోడ కదలదు, కిటికీ రెక్క రోజుకు పదిసార్లు చట్రాన్ని ఒరుసుకొంటుంది. ఒరిసినప్పుడల్లా ఇంత పొడి రాలి అడుగు గట్టు మీద చేరుతుంది. అక్కడే నిలబడి, చువ్వలు పట్టుకొని, వీధి చూస్తుంది ఇంటి పసిపాప. నోటిలోకి పోయిన సీసాన్ని పెద్దల దేహంకంటె పిల్లల దేహం నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకొంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మెదడు ఎదిగే వయసులో దాని దెబ్బ తగిలితే మరల సరిదిద్దుకొనే వీలు లేదు. ఇంత వరకు ఫరవాలేదని చెప్పగల మోతాదూ లేదు.

అయితే పాత రంగునంతా ఒలిచివేయాలా? అక్కరలేదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. గట్టిగా అంటుకొని ఉన్న పాత పూత కొయ్యకు కవచం. దానిని కదల్చకుండా సబ్బు నీటితో కడిగి, ఆరనిచ్చి, పైపైన తడి రుద్దుడు ఇస్తే కొత్త పూతకు పట్టు దొరుకుతుంది. లేచిన చోట మాత్రమే గీకాలి. అదీ తడిపి గీకాలి. దుకాణాలలో దొరికే వాటర్ పేపరును నీటిలో ముంచుతూ రుద్దితే పొడి ఎగరక బురదగా దిగుతుంది. పొడిగా రుద్దే యంత్రాలను, మంటతో రంగును కాల్చే పద్ధతిని దగ్గరికి రానీయకూడదు. సీసం ఆవిరిగా లేస్తే ముక్కుకు కట్టిన రుమాలు దానిని ఆపలేదు.

పనికి ముందు గదిలోని సామాను తొలగించి, కిటికీకి లోపలా బయటా నేలపై ప్లాస్టిక్ పట్టా పరచాలి. పిల్లలను, గర్భవతులను ఆ గది వైపు రానీయరాదు. పని ముగిశాక చీపురు పట్టరాదు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పెచ్చులతోపాటు మూటగట్టి పారవేయాలి. పెరటి మొక్కల మొదట్లో పోయడం మంచిది కాదు.

ఇక కొయ్య సంగతి. కిటికీ చివికేది నడుమ కాదు, కింద. అడుగు కొయ్య, నిలువు కొయ్య కలిసే అతుకులోకి వాన నీరు దిగి, పైపూత మూలంగా ఆరలేక లోలోపలే కొయ్యను మెత్తపరుస్తుంది. మేకుతో పొడిచి చూస్తే తెలిసిపోతుంది. మెత్తబడిన చోటును వడ్రంగి చేత కోయించి కొత్త ముక్క వేయించిన తరువాతనే రంగు మాట. బాగా ఆరిన కొయ్యపైనే ప్రైమరు నిలుస్తుంది. కొత్తగా బయటపడిన టేకులో సహజమైన నూనె ఉంటుంది కనుక ముందుగా టర్పెంటైన్‌తో తుడవాలి. అవిసె నూనె పుట్టీ పైపొర గట్టిపడేదాకా, అంటే వారం పది రోజులైనా, ఓపిక పట్టాలి. గాజు చుట్టూ రంగు వేసేటప్పుడు కుంచె గాజు మీదికి ఒక వెంట్రుక వాసి జరిగితే తప్పు కాదు, మేలు. పుట్టీ సందులోకి నీరు దిగదు.

రెక్కల పై అంచు, కింది అంచు ఎవరికీ కనబడవు. కనుకనే అక్కడ కుంచె ఆడదు. నీరు దిగేది మాత్రం అక్కడి నుండే. రెక్కలను బందుల నుండి ఊడదీసి ఆ అంచులకు పూత వేయించే యజమాని నూటికి ఒకడుంటే ఎక్కువ. పూతలు పలుచగా రెండు చాలు. మందంగా వేస్తే వానకు ఉబ్బిన రెక్క చట్రంలో ఇరుక్కొని మళ్ళీ ఒరుసుకొంటుంది. ఎండ పడే కొయ్యపై రంగు వేయరాదు. తూర్పు కిటికీకి మధ్యాహ్నం, పడమటి కిటికీకి ఉదయం అనుకూలం. కొత్త డబ్బా కొనేటప్పుడు దానిపై సీసం ప్రమాణం ముద్రించి ఉన్నదో లేదో చూడాలి.

ఇంటివారు ఈ పొడిని ఏడాదికి ఒకసారి పీలుస్తారు. రంగుల పనివాడు రోజూ పీలుస్తాడు. వీరి బాధ చూచియే అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921లో తెల్ల సీసంపై ప్రత్యేకంగా ఒక ఒడంబడిక చేయవలసివచ్చింది. అన్నానికి కూర్చునే ముందు అతనికి సబ్బు, నీళ్ళు చూపించడం, పని బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఉతకవద్దని చెప్పి పంపడం ఇల్లుగలవారి విధి. పూర్తిగా చివికి, తీసివేసిన చట్రాన్ని ఎండిన కట్టె గదా అని స్నానాల పొయ్యిలో పెట్టడం కొన్ని ఇళ్ళలో అలవాటు. దానిపై రంగు ఉన్నంతవరకు అది వంటచెరకు కాదు.