రాష్ట్రపతి ఎన్నిక జోస్యాలు: కాగితం మీది సరుకు

వడ్డేపల్లి, శాంతినగర్ బజార్లలో సరుకు రాక తగ్గిన రోజులలో రాజకీయానికి గిరాకీ పెరగడం కొత్త కాదు. రాష్ట్రపతి ద్రౌపది ముర్ము పదవీకాలం 2027 జూలైలో ముగియవలసి వున్నది. తరువాతి రాష్ట్రపతి ఎవరన్న మాట ఆడతి కొట్లలోకి రాక మానదు. ఏ పార్టీకి ఎందరు ఎంపీలు, ఏ రాష్ట్రంలో ఎందరు ఎమ్మెల్యేలు అని వేళ్లపై లెక్కకట్టి, గెలుపు ఎవరిదో టీ చల్లారేలోగా తేల్చివేసే వారికి ఏ బజారులోనూ కొదవ వుండదు. అంతటితో ఆగితే కాలక్షేపమే. ఆ లెక్కను నమ్మి సరుకు ఆపేవారు, అరువు బిగించేవారు వున్నప్పుడు మాత్రం దానిని ఒకసారి కాటాకు ఎక్కించి చూడవలసి వుంటుంది.

ముందుగా తూకం సంగతి. ఈ ఎన్నికలో తలకొక ఓటు అన్న లెక్క చెల్లదు. రాష్ట్రపు 1971 నాటి జనాభాను శాసనసభ స్థానాల సంఖ్యతో భాగించి, వచ్చినదానిని మళ్లీ వెయ్యితో భాగిస్తే ఒక్కొక్క ఎమ్మెల్యే ఓటు విలువ వస్తుంది. 2022 ఎన్నికలో ఆ విలువ తెలంగాణలో 132, ఆంధ్రప్రదేశ్‌లో 159, కర్ణాటకలో 131. అనగా వడ్డేపల్లి వున్న అలంపూర్ నియోజకవర్గం సభ్యుని ఓటు 132 తూగితే, తుంగభద్ర దాటి కర్నూలు చేరేసరికి 159 తూగుతుంది, రాయచూరు వెళితే 131కి దిగుతుంది. ఇక్కడి పత్తి, వేరుశనగ మూడు రాష్ట్రాల కాటాలు ఎరిగినవే కనుక ఈ తేడా ఈ ప్రాంతపు వర్తకులకు వింతగా తోచదు. ఎంపీ ఓటు విలువ 2022లో 700.

ఇంతవరకూ పార్టీ లెక్కలవారు చెప్పేది సరిగానే వుంటుంది. వారు విడిచిపెట్టేది మరొకటి. ఈ ఎన్నికలో ఓటు రహస్యం. పార్టీ విప్ చెల్లదు. పార్టీ పేరున రాసుకున్న ఓటు, గోదాములో లేని సరుకుకు రాసిచ్చిన చీటీ వంటిది. గడువునాటికి డెలివరీ వస్తే వచ్చినట్లు, రాకపోతే ఎవరినీ నిలదీయడానికి లేదు.

డెలివరీ రాని ఎన్నిక ఒకటి 1969లో జరిగింది. ఆ పోటీలో ప్రధాన అభ్యర్థులు ఇద్దరూ తెలుగువారే. కాంగ్రెస్ అధికార అభ్యర్థి నీలం సంజీవరెడ్డి అనంతపురం జిల్లా ఇల్లూరువారు, ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి, లోక్‌సభ స్పీకరు పదవికి రాజీనామా చేసి పోటీకి దిగారు. స్వతంత్రంగా నిలిచిన వి.వి. గిరి బరంపురంలో పుట్టినవారు. జాకీర్ హుస్సేన్ 1969 మే 3న మరణించిన తరువాత తాత్కాలిక రాష్ట్రపతిగా పనిచేసి, ఆ పదవి వదలి రంగంలోకి వచ్చారు. మూడవ ముఖ్య అభ్యర్థి సి.డి. దేశ్‌ముఖ్. జనసంఘ్, స్వతంత్ర పార్టీలు ఆయనను నిలిపాయి.

కాగితం మీద చూస్తే సంజీవరెడ్డి గెలుపుకు ఢోకా లేదు. పార్లమెంటులోను, అనేక శాసనసభలలోను కాంగ్రెసే పెద్ద పక్షం. అదనపు జాగ్రత్తగా, రెండవ ప్రాధాన్యపు ఓట్లు తమ అభ్యర్థికి ఇప్పించవలసిందిగా కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప ఆ రెండు పార్టీల నాయకులతో మాట్లాడారు. ఆ మాటలనే ఇందిరాగాంధీ వర్గం ఆయుధంగా పట్టుకున్నది. అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటు వేయవచ్చునన్న పిలుపు వెలువడింది. ఆగస్టు 16న పోలింగ్, 20న లెక్కింపు.

చెల్లిన ఓట్ల విలువ 8,36,337. గెలుపుకు కావలసినది 4,18,169. మొదటి లెక్కలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. ఎవరికీ చాలినంత రాలేదు. వెనుకబడిన అభ్యర్థులను ఒక్కొక్కరిని తొలగించి, వారి ఓట్లను తరువాతి ప్రాధాన్యం ప్రకారం పంచారు. ఆ పంపకంలో సంజీవరెడ్డికి 91,879 కలిసింది, గిరికి 18,562 మాత్రమే. చివరకు గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427. తేడా 14,650.

ఈ అంకెలు నిదానంగా చదవదగినవి. రెండవ ప్రాధాన్యపు ఓట్లు సంజీవరెడ్డికే వస్తాయన్న జోస్యం తప్పలేదు, కలిసిన ఓట్లలో అయిదింట నాలుగు వంతులకు పైగా ఆయనకే చేరాయి. కొన్న సరుకు వచ్చింది, సొంత గోదాములో వున్నదనుకున్న సరుకే లేకపోయింది. లెక్కగాళ్లు బయటి ఓట్లపై కన్ను వేసి ఇంటి ఓట్లను చూసుకోలేదు. ఇల్లు చక్కదిద్దుకొని వుంటే 14,650 పెద్ద మొత్తమేమీ కాదు. ఆ ఏడాది నవంబరులో కాంగ్రెస్ రెండుగా చీలింది. అదే సంజీవరెడ్డి 1977లో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. 1969లో ఆయన పేరు చెప్పిన జోస్యులు ఎనిమిదేళ్లు ఆగగలిగితే గెలిచినట్లే!

1969 వంటి తారుమారు మళ్లీ జరగలేదన్న మాట నిజమే. 2022లో ముర్ముకు 6,76,803, యశ్వంత్ సిన్హాకు 3,80,177 వచ్చాయి. అయితే ఆ ఎన్నికలోనూ వీధి రాజకీయానికి, ఓటుకు పొంతన లేదు. తెలంగాణలో బద్ధ విరోధులైన టీఆర్‌ఎస్, కాంగ్రెస్ రెండూ సిన్హాకే మద్దతు ఇచ్చాయి. నది అవతల ఒకరినొకరు చూడజాలని వైఎస్‌ఆర్ కాంగ్రెస్, తెలుగుదేశం రెండూ ముర్ము వైపే నిలిచాయి. ఆంధ్రప్రదేశ్ శాసనసభ్యుల నుంచి సిన్హాకు ఒక్క ఓటు రాలేదు. ఈ చర్చలో పడి మొహాలు చూసుకోని పొత్తుదార్లు వుంటే, వారి నాయకులు ఒకే పెట్టెలో ఓటు వేసి వచ్చారని తెలుసుకోవడం మంచిది.

ఇక అసలు ప్రశ్న: రాష్ట్రపతి ఎవరైతే బజారుకు ఏమిటి? 1969 వేసవిలో అందరూ అభ్యర్థుల బలాబలాలు లెక్కపెడుతుండగా, జూలై 19న 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేస్తూ ఆర్డినెన్సు వచ్చింది. సంతకం తాత్కాలిక రాష్ట్రపతి గిరిది. మరునాడే ఆయన రాజీనామా చేశారు. వర్తకుల పరపతికి సంబంధించినంతవరకు ఆ ఏటి పెద్ద సంఘటన ఆగస్టు 20న కాక జూలై 19నే జరిగిపోయింది. మరి గిరి ఓడి సంజీవరెడ్డి గెలిచివుంటే బ్యాంకులు ప్రైవేటు చేతులలో మిగిలేవా? 1980 ఏప్రిల్ 15న మరి ఆరు బ్యాంకులు జాతీయమయ్యాయి. మచిలీపట్నంలో 1923లో పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు వాటిలో ఒకటి. అప్పుడు రాష్ట్రపతి భవన్‌లో వున్నది సంజీవరెడ్డి. సంతకం ఆయనదే.

మంత్రిమండలి సలహాకు రాష్ట్రపతి కట్టుబడాలని 1976 నాటి 42వ సవరణ స్పష్టం చేసింది. ఒకసారి పునఃపరిశీలనకు తిప్పిపంపే వీలును 1978లో 44వ సవరణ ఇచ్చింది, అంతే. 2020 జూన్ 5న మార్కెట్ యార్డుల వెలుపలి క్రయవిక్రయాలపైన, నిత్యావసర సరుకుల నిల్వ పరిమితులపైన ఆర్డినెన్సులు వచ్చినప్పుడు సంతకం రామ్‌నాథ్ కోవింద్‌ది. ఆ స్థానంలో వచ్చిన చట్టాల రద్దుకు 2021లో ఆమోదముద్ర వేసినదీ ఆయనే. ఆర్డినెన్సు వచ్చినపుడు గాని, రద్దయినపుడు గాని రాష్ట్రపతి ఏ పార్టీ మనిషి అన్నది కమీషన్ ఏజెంట్ల ఖాతాలో ఒక్క పైసా మార్చలేదు.

పత్తిని కదిపినవి ఇంకా చిన్న కాగితాలు. దిగుమతి పత్తిపై 11 శాతం సుంకాన్ని 2025 ఆగస్టు 19 నుంచి సెప్టెంబరు 30 వరకు ఎత్తివేసి, ఆ గడువు తీరకముందే డిసెంబరు 31 దాకా పొడిగించారు. ఇది ఆర్థికశాఖ ప్రకటన. కొత్త పత్తి బజారుకు దిగే నెలలలోనే రావడంతో, పొడవు పింజకు క్వింటాలుకు రూ. 8,110 మద్దతు ధర వున్నా రైతుకు, జిన్నింగ్ మిల్లుకు కూడా దిగులు తప్పలేదు. వేరుశనగకు పోటీయైన వంటనూనెల సంగతీ అంతే. ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెలపై మౌలిక సుంకాన్ని 2024 సెప్టెంబరులో 20 శాతానికి పెంచి, 2025 మే నెలాఖరున 10 శాతానికి దించారు. ఈ రెండింటికీ ఏ ఎన్నికల జోస్యమూ అక్కరకు రాలేదు. సుంకాల ప్రకటనలు వచ్చిననాడే చదివినవారు సరుకు సర్దుకున్నారు.

2027లో ఓట్లు లెక్కించే వేళకు వానలు సకాలంలో పడితే ఈ మండలంలో పత్తి మొలిచి వుంటుంది. విత్తనాలకు, ఎరువులకు రైతుకు ఇవ్వవలసిన అరువు అప్పటికే ఇచ్చివుండాలి. ఢిల్లీ పేరు చెప్పి జూన్‌లో ఆ అరువు ఆపిన ఆడతిదారు, దసరా తరువాత ఆ రైతు పత్తి మరొకరి కాటాపైకి వెళ్లడం చూస్తాడు.